పాత డిజిటల్ కెమెరా కొనబోతున్న పిల్లలకు

చిరంజీవులకు ఆశీస్సులు.

2000 సంవత్సరం అటూ ఇటుగా వచ్చిన చిన్న డిజిటల్ కెమెరా ఒకటి పాతది కొనుక్కుంటామని రాశారు. మంచి ఆలోచనే. ఫోనులో తీసిన ఫొటో మీ కంటబడేలోగానే ఫోను దానికి బోలెడు మెరుగులు దిద్దేస్తుంది. ఆ కెమెరాలకు అంత తెలివి లేదు. ఎండ ఎక్కువైతే ఆకాశం తెల్లగా పాలిపోతుంది, వెలుతురు తగ్గితే ఫొటో నిండా చుక్కలు పడతాయి. మీకు అదే ముచ్చటగా ఉందంటే నాకేం అభ్యంతరం? కాకపోతే, ‘సీసీడీ సెన్సర్ కాబట్టి రంగులు అద్భుతం’ అని అమ్మేవాళ్లు చెప్పే మాట సగమే నమ్మండి. సీసీడీ అంటే ఆ కెమెరాల్లో వెలుతురును పట్టి బొమ్మగా మార్చే చిప్పు, అంతే. రంగుల్లో చాలా వంతు కెమెరా లోపలి ప్రోగ్రామ్ పనితనమే.

అన్నిటికంటే ముందు ఆ కెమెరాకు ఏ మెమరీ కార్డు పడుతుందో కనుక్కోండి. కెమెరా నచ్చింది కదా, కార్డు సంగతి తర్వాత చూసుకుందామనుకుంటే చిక్కుల్లో పడతారు. అప్పట్లో ఒక్కో కంపెనీది ఒక్కో దారి. స్మార్ట్‌మీడియా అనే పలచని కార్డు 128 ఎంబీతోనే ఆగిపోయింది. ఒలింపస్, ఫ్యూజీఫిల్మ్ కలిసి 2002లో తెచ్చిన ఎక్స్‌డీ కార్డు 2 జీబీ దాటలేదు. ఈ రెండూ ఇప్పుడు పాత సరుకులో వెతుక్కోవలసినవే. ఎస్‌డీ కార్డు పట్టే కెమెరా దొరికితే సగం బెడద తీరినట్టే, కాని అక్కడా ఒక మెలిక ఉంది. 2006లో వచ్చిన ఎస్‌డీహెచ్‌సీ కార్డు చూడటానికి అచ్చం పాతదానిలాగే ఉంటుంది, కెమెరాలో చక్కగా దూరుతుంది. పాత కెమెరా మాత్రం దాన్ని చదవలేదు. తెర మీద ‘కార్డు ఎర్రర్’ అని వస్తుంది. అందుకని 2 జీబీ లేదా అంతకంటే తక్కువది తీసుకోండి. మరీ తొలినాళ్ల కెమెరాలు 2 జీబీని కూడా ఒప్పుకోకపోవచ్చు, మాన్యువల్ చూడండి. 2 మెగాపిక్సెల్ ఫొటో ఒక ఎంబీ అటూ ఇటుగా ఉంటుంది కనుక 512 ఎంబీ కార్డు మీకు ధారాళంగా సరిపోతుంది. మెగాపిక్సెల్స్ గురించి బెంగ వద్దు, పోస్టుకార్డంత ప్రింటుకు రెండు చాలు. ఫొటోలు కంప్యూటర్‌లోకి ఎక్కించే కేబుల్ లేదన్నా పరవాలేదు, కార్డ్ రీడర్ ఉంటే చాలు.

తర్వాత బ్యాటరీ. ఏఏ సైజు సెల్స్ వేసుకునే కెమెరా అయితే నిశ్చింత. మామూలు సెల్స్ త్వరగా అయిపోతాయి, రీఛార్జబుల్ నికెల్ సెల్స్ వాడండి. ప్రత్యేకమైన లిథియం బ్యాటరీ అయితే ఛార్జర్ కూడా ఇస్తున్నారో లేదో అడగండి. ఉబ్బిన బ్యాటరీని ముట్టుకోవద్దు.

కెమెరా చేతికి వచ్చాక బ్యాటరీ మూత తెరిచి స్ప్రింగుల వైపు చూడండి. తెల్లటి పొడో, ఆకుపచ్చ తుప్పో కనిపిస్తే పాత సెల్స్ కారాయన్నమాట. మూత కొక్కెం విరిగిందేమో కూడా చూడండి. ఆన్ చేసి, లెన్స్ బయటికి వచ్చేటప్పుడు చెవి పెట్టి వినండి. గరగరమంటే లోపల ఇసుక చేరి ఉండవచ్చు. లెన్స్‌లోకి టార్చి వేసి చూస్తే బూజు సాలెగూడులా కనిపిస్తుంది. తెల్లగోడను ఒకసారి, లెన్స్‌ను చేత్తో మూసి ఒకసారి ఫొటో తీసి, మచ్చలో చుక్కలో ఉన్నాయేమో కంప్యూటర్‌లో పెద్దది చేసి చూడండి. సూర్యుడి వైపు తిప్పితే తెర మీద నిలువుగా వెలుగు గీత పడటం లోపం కాదు, సీసీడీల స్వభావమే అంత.

ఒక జబ్బు మాత్రం ప్రత్యేకం. ఆ కాలంలో సోనీ తయారుచేసిన కొన్ని సీసీడీలు వేడికీ తేమకూ చెడిపోతున్నాయని 2005లో బయటపడింది. ఆ సెన్సర్లు చాలా కంపెనీల కెమెరాల్లో ఉండేవి. మెనూ బాగానే కనిపిస్తుంది, బొమ్మ మాత్రం ఊదారంగుకు తిరిగో, నల్లబడో ఉంటుంది. అందుకే దూరం నుంచి కొనేటప్పుడు కెమెరా ఫొటో చూసి సరిపెట్టుకోకుండా, ఆ కెమెరాతో అదే రోజు తీసిన ఫొటో పంపమని అడగండి. నిజాయతీగా అమ్మేవారు విసుక్కోరు.

చెడిపోయిందని స్క్రూడ్రైవర్ పట్టుకుని విప్పబోకండి. ఫ్లాష్ కోసం లోపల ఉండే కెపాసిటర్ సుమారు 300 వోల్టుల దాకా నింపుకుంటుంది, బ్యాటరీ తీసేశాక కూడా షాక్ కొట్టగలదు. ఈ ఒక్క విషయంలో నా మాట జవదాటవద్దు.

పాత కార్డులో ఎవరివో పెళ్లి ఫొటోలో, పిల్లల ఫొటోలో మిగిలిపోయి ఉంటే తిరగేయకండి. కావాలేమో అమ్మినవారిని అడిగి, వద్దంటే కెమెరాలోనే ఫార్మాట్ చేసేయండి. ఆ వెంటనే తారీఖు సరిచేయండి. లోపలి గడియారపు సెల్ ఈపాటికి చచ్చిపోయి ఉంటుంది కనుక బ్యాటరీ మార్చినప్పుడల్లా చూసుకోవాలి. లేకపోతే మీ ఫొటోలన్నీ మీరు పుట్టకముందే తీసినట్టు కనిపిస్తాయి.

మీ తాతయ్య