రెసిడెన్సీ మ్యాచ్ ర్యాంక్ లిస్ట్: అపోహలు - వాస్తవాలు

ఫిబ్రవరి వచ్చిందంటే అమెరికా రెసిడెన్సీకి (ఎంబీబీఎస్ తర్వాత ఆసుపత్రిలో చేసే స్పెషాలిటీ శిక్షణకు) అప్లై చేసిన మన డాక్టర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే చర్చ: లిస్టులో ఏది పైన పెట్టాలి? అభ్యర్థులు ఆసుపత్రుల శిక్షణ ప్రోగ్రాములకు, ప్రోగ్రాములు అభ్యర్థులకు ర్యాంకులిచ్చి లిస్టులు పెడితే, కంప్యూటర్ ఆ రెండూ కలిపి సీట్లు పంచడమే మ్యాచ్. ఇంటర్వ్యూలు అయిపోయాయి, స్టెప్ (అమెరికా వైద్య లైసెన్సు పరీక్ష) స్కోర్లు మారవు. చేతిలో మిగిలింది ఆ లిస్టొక్కటే కాబట్టి టెన్షనంతా దాని మీదికే వస్తుంది. నేను ఇక్కడ ఇంటర్నల్ మెడిసిన్‌లో ఇంటర్వ్యూలు చేసే వైపు కూర్చుంటాను. మనవాళ్ళు అడిగేవి ఏటా దాదాపు ఇవే.

అపోహ: వచ్చే అవకాశం ఎక్కువున్నదాన్నే ఒకటో నంబర్లో పెట్టాలి. పెద్ద యూనివర్సిటీని పైన పెడితే ఆ నంబరు వృథా.

వాస్తవం: ఏదీ వృథా కాదు. మ్యాచ్ 1952 నుంచి ఉంది. ఇప్పుడు నడుస్తున్న లెక్క మాత్రం ఆల్విన్ రోత్, ఇలియట్ పెరాన్సన్ తిరగరాసింది, 1998 మ్యాచ్ నుంచి వాడుతున్నారు. (ఇలాంటి జతకూర్పుల మీద చేసిన పనికే రోత్‌కు, లాయిడ్ షాప్లీకి 2012లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది.) అది అభ్యర్థి ఇష్టం నుంచి మొదలవుతుంది.

మీ లిస్టులో ముందు ఒక యూనివర్సిటీ ఆసుపత్రి, తర్వాత ఒక కమ్యూనిటీ ఆసుపత్రి ఉన్నాయనుకోండి. కంప్యూటర్ ముందు మీకు యూనివర్సిటీ సీటు కోసం చూస్తుంది. అక్కడ సీట్లన్నీ మీకంటే పై ర్యాంకు వాళ్ళకే సరిపోయాయి. అప్పుడు రెండోదానికి వస్తుంది. ఈలోగా కమ్యూనిటీ ఆసుపత్రిలో 12 సీట్లూ నిండిపోయి ఉండొచ్చు. కంగారు అక్కర్లేదు, అవన్నీ అప్పటికి తాత్కాలికమే. ఆ ప్రోగ్రామ్ మిమ్మల్ని 20వ ర్యాంకులో పెట్టి, సీటు దొరికినవాళ్ళలో చివరివాడికి 31 ఇచ్చి ఉంటే, అతన్ని లేపి మిమ్మల్ని కూర్చోబెడుతుంది. అతని కోసం అతని లిస్టులో తర్వాతి చోటికి వెళ్తుంది. మీరు ఆ ఆసుపత్రిని ఒకటిగా పెట్టినా, తొమ్మిదిగా పెట్టినా అక్కడ మీ స్థానం ఇరవయ్యే. మీరు ఏ నంబరిచ్చారో వాళ్ళకు కనపడదు కూడా.

మనకు ఎంసెట్ వెబ్ ఆప్షన్ల రోజుల నుంచి నిరుటి కటాఫ్ చూసి “ఇది మనకు రాదులే” అని కొట్టేసే అలవాటుంది. ఇక్కడ అందరికీ కలిపి ఒక ర్యాంకంటూ లేదు. ఏ ప్రోగ్రామ్ లిస్టు దానిదే.

అపోహ: “నిన్ను చాలా పైన పెట్టాం” అని ప్రోగ్రామ్ డైరెక్టర్ మెయిల్ పంపారు, ఇక సీటు ఖాయం.

వాస్తవం: ఆ మెయిల్‌కు ఏ విలువా లేదు. ఇష్టం చెప్పుకోవడం తప్పు కాదు గానీ, అది ఎవరినీ కట్టిపడేయదు. సంతోషంగా చదవండి, థాంక్స్ చెప్పండి, లిస్టు మాత్రం ముట్టుకోకండి. “మమ్మల్ని ఎన్నో నంబర్లో పెడుతున్నావు?” అని వాళ్ళు అడగడం నిబంధనలకే విరుద్ధం. మీరు చెప్పనక్కర్లేదు.

అపోహ: నాలుగైదు మంచివి పెడితే చాలు.

వాస్తవం: 2024లో అమెరికా పౌరులు కాని, విదేశాల్లో చదివిన డాక్టర్లలో మ్యాచ్ అయినవాళ్ళు నూటికి దాదాపు 58 మందే. మనలో ఎక్కువమంది ఆ లెక్కలోకే వస్తారు. లిస్టు చివర ఇంకో ప్రోగ్రామ్ చేరిస్తే పైవాటికి వీసమెత్తు నష్టం లేదు. కాబట్టి ఇంటర్వ్యూ చేసినవాటిలో మీరు నిజంగా వెళ్ళగలిగినవన్నీ పెట్టండి.

“వెళ్ళగలిగినవి” అన్నమాట మరవొద్దు. “అడుగున పడేద్దాం, వస్తే అప్పుడు చూద్దాం” అనేవాళ్ళూ ఉన్నారు. మ్యాచ్ ఫలితం ఒప్పందంతో సమానం. తప్పుకోవాలంటే మ్యాచ్ నడిపే సంస్థ ఎన్‌ఆర్‌ఎంపీ అనుమతి కావాలి, లేకుండా మానేస్తే తర్వాతి మ్యాచ్‌ల నుంచి నిషేధించొచ్చు. వీసా సంగతీ ముందే తేల్చుకోండి. హెచ్-1బీ కావాలంటే స్టెప్ 3 పాసై ఉండాలి, ఆ ప్రోగ్రామ్ ఇవ్వడానికి సిద్ధపడాలి. జే-1 అయితే తర్వాత రెండేళ్ళు ఇండియాకు వెళ్ళాలి, లేదా వెయివర్ (ఆ షరతు నుంచి మినహాయింపు) సంపాదించాలి. డాక్టర్లు తక్కువున్న చోట పనిచేసేవాళ్ళకు వెయివర్ ఇచ్చే కాన్రాడ్ పథకం కింద ఒక్కో రాష్ట్రానికి ఏడాదికి 30 వెయివర్లే.

అపోహ: పేరున్నదే పైన పెట్టాలి, లేదా బాబాయివాళ్ళుండే ఊరిదే పెట్టాలి.

వాస్తవం: బాబాయివాళ్ళు దగ్గరుండటం చిన్న విషయమేమీ కాదు. చలికాలంలో రాత్రి డ్యూటీలు చేసేటప్పుడు తెలుస్తుంది దాని విలువ. కానీ కార్డియాలజీ చేద్దామనుకునేవాళ్ళు గత మూడేళ్ళలో ఆ ప్రోగ్రామ్ నుంచి ఎవరు ఏ సూపర్ స్పెషాలిటీ ఫెలోషిప్‌కు వెళ్ళారో పేరుపేరునా చూడాలి. సొంత ఫెలోషిప్ ఉన్న మామూలు కమ్యూనిటీ ఆసుపత్రి, మెడికల్ స్కూల్ పేరు తగిలించుకున్న ఆసుపత్రి కంటే మేలు కావొచ్చు. బోర్డు పరీక్షలో పాసయ్యేవాళ్ళ శాతం అడగండి. ఇంటర్వ్యూ రోజు సీనియర్లు లేనప్పుడు ఇంటర్న్‌ని “నిన్న ఇంటికి ఎన్నింటికి వెళ్ళావు?” అని అడిగి చూడండి. వారానికి 80 గంటల పరిమితి కాగితం మీద అందరికీ ఒకటే. ఆ పిల్లాడు జవాబు చెప్పేముందు ఎంతసేపు ఆగాడన్నది మాత్రం రాసిపెట్టుకోవాల్సిన విషయం.

దంపతులిద్దరూ జంటగా పెట్టేటట్టయితే లెక్క వేరు. అక్కడ ఇద్దరి ఎంపికలూ జతలుగా రాయాలి. ఒకరికి వచ్చి ఇంకొకరికి రాకపోయినా ఫర్వాలేదా అన్నది ఇంట్లో ముందే మాట్లాడుకుని, ఒప్పుకుంటే ఆ జతలు కూడా అడుగున చేర్చాలి.

లిస్టు సేవ్ చేస్తే సరిపోదు, సర్టిఫై చేయాలి (ఇదే నా తుది లిస్టని ఖాయం చేయాలి). మార్పు చేస్తే మళ్ళీ సర్టిఫై చేయాలి. గడువు ఇక్కడి తూర్పు తీరంలో రాత్రి 9 గంటలకు ముగుస్తుంది, అంటే హైదరాబాదులో మర్నాడు పొద్దున ఏడున్నర. మర్నాడు రాత్రికి పెడదాంలే అనుకుంటే అప్పటికే తలుపు మూసేసి ఉంటుంది.