పాత కుట్టు మిషన్‌కి తుప్పు పడితే: అపోహలు - వాస్తవాలు

చెన్నైలో నా దగ్గరికి రిపేరుకి వచ్చే పాత మిషన్లలో చాలావరకు మన తెలుగువాళ్ళవే. సౌకార్‌పేట, పెరంబూరు వైపు నుంచి అమ్మమ్మల కాలం నాటి సింగర్లు, ఉషాలు తెస్తారు. సముద్రపు గాలికి తుప్పు పట్టి ఉంటాయి. నడిచే మిషన్‌ని పాత ఇనుముకి వేసేశారని విన్నప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది.

అపోహ: చక్రం తిరగట్లేదంటే లోపలంతా తుప్పే, ఇక పనికిరాదు.

వాస్తవం: చాలాసార్లు లోపల పట్టేసింది తుప్పు కాదు, ఎండిన నూనె. ఏళ్ళ తరబడి మూలన పడేస్తే నూనె జిగురుగా మారి, చివరికి వార్నిష్‌లా గట్టిపడుతుంది. ముందు షటిల్ (కింది దారం బాబిన్ ఉండే భాగం) వెనక ఇరుక్కున్న దారం ముక్కలు తీయండి. తర్వాత నూనె వేసే ప్రతి రంధ్రంలో, ఇనుము ఇనుముకి రాసుకునే ప్రతి చోటా కాస్త కిరసనాయిలు వేసి రాత్రంతా వదిలేయండి. పొయ్యికి, దీపానికి దూరంగా పెట్టండి. పొద్దున చక్రాన్ని అటూ ఇటూ మెల్లగా ఊపాలి. బలవంతంగా తిప్పితే లోపలి భాగాలు విరుగుతాయి. నాలుగు రోజులు పట్టినా టెన్షన్ వద్దు. కదిలాక కిరసనాయిలు తుడిచేసి మిషన్ నూనె వేయండి. కిరసనాయిలు జిగురుని కరిగిస్తుందంతే, నూనె చేసే పని అది చేయదు.

అపోహ: కొబ్బరినూనె అయినా చాలు.

వాస్తవం: వద్దే వద్దు. ఇంట్లో వాడే నూనెలు నిలవుంటే జిగురు కడతాయి. తెల్లగా, పలచగా ఉండే మిషన్ నూనే వేయాలి.

అపోహ: ఉప్పుకాగితంతో రుద్దితే కొత్తదైపోతుంది.

వాస్తవం: నల్లటి బాడీ మీది బంగారు రంగు పువ్వులు ఒక్కసారి పోతే మళ్ళీ రావు. చాలా పాత మిషన్లలో వాటి మీద లక్క పూత ఉంటుంది, అది స్పిరిట్‌కి కరిగిపోతుంది. దూదికి మిషన్ నూనె అద్ది ఓపికగా తుడవండి. తుప్పు పట్టిన స్క్రూలు విప్పి వెనిగర్‌లో నానబెట్టి, బ్రష్‌తో రుద్ది, సోడా ఉప్పు నీళ్ళలో కడగండి. వెంటనే ఆరబెట్టి నూనె రాయకపోతే మన చెన్నై తేమకి మళ్ళీ తుప్పు వచ్చేస్తుంది.

అపోహ: పాత సింగర్‌లో రెడ్ మెర్క్యురీ అనే ఖరీదైన పదార్థం ఉంటుంది, లక్షలు పలుకుతుంది.

వాస్తవం: పచ్చి అబద్ధం. 2009లో సౌదీ అరేబియాలో ఇదే పుకారు లేచి, పాత సింగర్ల ధరలు విపరీతంగా పెరిగాయి. అది ఉందో లేదో తెలుసుకోవడానికి సూది దగ్గర సెల్‌ఫోన్ పెట్టి చూసేవారట! మీ మిషన్‌లో ఉన్నది మంచి ఇనుము, మంచి పనితనం.

అపోహ: స్పేర్లు దొరకవు.

వాస్తవం: సింగర్ 15 అనే మోడల్ తరహా మిషన్లకి సూదులు, బాబిన్లు ఇప్పటికీ మామూలు షాపుల్లో దొరుకుతాయి. పడవ ఆకారపు షటిల్ ఉన్న ఇంకా పాత మోడల్ అయితే మాత్రం ఆ షటిల్‌ని, పొడుగు బాబిన్లని జాగ్రత్తగా దాచుకోండి. అవి పోతే వెతికి పట్టుకోవడం కష్టం.