గడ్డ కంటి వెనకాల

పర్లాకిమిడిలో మా వీధి చివరింటి కుక్క మోతీకి కుడికన్ను ముందుకు పొడుచుకొచ్చింది. దిష్టి అని ఆ ఇంటి మామ్మగారు ఎర్రనీళ్ళు దిగదీశారు. కొడుకు మెడికల్ షాపులో చుక్కలమందు కొన్నాడు. నెల గడిచినా కన్ను వెనక్కి పోలేదు. పోదు కూడా. పాపం, కంటి తప్పేం లేదు. వెనకాల గడ్డ పెరిగి దాన్ని తోస్తోంది.

పశువుల డాక్టరు చేసిన మొదటి పరీక్షకు ఏ మిషనూ అక్కర్లేకపోయింది. కుక్క వెనక నిలబడి, నడినెత్తి మీదుగా కిందికి చూసి రెండు కళ్ళనీ పోల్చారు. తర్వాత రెప్పలు మూసి బొటనవేళ్ళతో మెల్లగా నొక్కారు. ఎడమకన్ను దూదిలోకి దిగినట్టు దిగింది. కుడిది కదల్లేదు. ముక్కువైపు మూలన, కుక్కలకు అదనంగా ఉండే మూడో రెప్ప కూడా పైకొచ్చి ఉంది. (ఇంట్లో మీరు నొక్కి చూడకండి.)

ఒకటి రెండు రోజుల్లోనే ఉబ్బి, నోరు తెరిస్తే కుయ్యోమంటే అది చాలావరకు చీముగడ్డ. కుక్కకి పైదవడ చివరి పన్ను వెనక, నోటికీ కంటిగూటికీ మధ్య ఎముక ఉండదు, మెత్తటి కండే. చీము అక్కణ్ణుంచే తీస్తారు. కణితి అలా కాదు, చాలాసార్లు నొప్పి తెలియకుండా మెల్లగా పెరుగుతుంది.

మన కంటిగూటి అంచు చుట్టూరా ఎముకే. కుక్కకీ పిల్లికీ మాత్రం బయటివైపు ఎముక బదులు గట్టి నారపట్టీ ఉంటుంది. సర్జన్‌కి అదే దొడ్డిదారి. చెంప ఎముక కమానును కోసి పక్కకు తిప్పి, పట్టీ విడదీసి, కనుగుడ్డు జోలికి పోకుండా గడ్డ తీసి, ఎముకను మళ్ళీ తీగతోనో ప్లేటుతోనో బిగిస్తారు. పిల్లి దగ్గర మరీ జాగ్రత్త: దాని దృష్టినాడి పొట్టిది, ఈ కంటిని గట్టిగా లాగితే రెండో కంటి చూపు కూడా పోవచ్చు. కుందేలుదైతే వేరే కథ. పంటి వేరు చెడి కంటి వెనక చీము పడుతుంది. కుందేలుకు రెండు కళ్ళూ ఒకేసారి పొడుచుకొస్తే ఛాతీలో గడ్డ ఉందేమో చూడాలి. తల నుంచి దిగే రక్తానికి అది అడ్డం పడుతుంది.

ఎలాగైనా కన్ను నిలపాల్సిందే అని నేననను. కుక్కల్లో ఈ కణితులు ఎక్కువగా క్యాన్సరే. సీటీ స్కాన్‌లో చుట్టుపక్కలకు పాకినట్టు కనిపిస్తే కంటితో సహా తీసేయడమే మేలు కావచ్చు. ఒంటికన్ను కుక్క ఇల్లంతా మామూలుగానే తిరుగుతుంది.

మోతీ గడ్డ విడిగా ఉంది కాబట్టి కన్ను దక్కింది. అయితే రెప్పలాడించే నరం ఆ చెంప ఎముక మీదుగానే పోతుంది. అది కాస్త నలిగి కొన్నాళ్ళు రెప్ప సరిగా పడలేదు. కన్ను ఎండిపోకుండా మామ్మగారే పూటపూటా చుక్కలు వేశారు. ఈసారి మందు కంటికే.