నాలుగో గుండు ఎందుకు దారి తప్పుతుంది?

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఉంటున్న గుంటూరు పాఠకుడు ఒకరు ఉత్తరం రాశారు. పాతకాలం పద్ధతిలో మూతి నుంచి మందు దట్టించి కాల్చే చెకుముకి రైఫిల్ కొనుక్కున్నారట. యాభై గజాల దూరంలో మొదటి మూడు గుండ్లు టీ కప్పు మూతంత చోట్లో తగులుతున్నాయి. నాలుగోది పక్కకు పోతోంది. ఆ తర్వాతవి చేటంత మేర చెదిరిపోతున్నాయి. గురి సరిచేశారు, మందు మోతాదు మార్చారు, లాభం లేదు. "ఇంట్లోవాళ్ళు దిష్టి తగిలిందంటున్నారు. మీరేమంటారు?" అని అడిగారు.

మూడు బాగా వెళ్ళాయన్న మాటలోనే సగం జవాబు ఉంది. గొట్టం వంకరైతే మొదటి గుండే తప్పాలి. మొదటిదానికీ నాలుగోదానికీ మధ్య మారింది ఏమిటి? గొట్టం లోపల పేరుకున్న మసి. ఆ మసి ఇంత పని ఎలా చేయగలదో అర్థం కావాలంటే ముందు ఒక సందు గురించి చెప్పాలి. నాకు ఈ తుపాకుల్లో అన్నిటికంటే ఇష్టమైనది ఆ సందే.

ఆయన గొట్టం లోపలి వ్యాసం 12.7 మిల్లీమీటర్లు. సీసపు గుండు వ్యాసం 12.45. అంటే గుండు చుట్టూ 0.13 మి.మీ. సందు మిగులుతుంది, నోటుపుస్తకం కాగితం కంటే కాస్త మందం. గుండును కొవ్వు రాసిన నూలు గుడ్డముక్కలో చుట్టి లోపలికి దింపుతారు. ఆ గుడ్డ మందం 0.38 మి.మీ. గొట్టం లోపల మరమేకులా చుట్టుకుంటూ పోయే గాడుల లోతు సుమారు 0.25. ఇప్పుడు లెక్క చూడండి. గాడుల మధ్య ఎత్తుగా ఉండే గట్ల మీద గుడ్డ మూడో వంతుకు నలిగిపోతుంది. గాడుల్లో మాత్రం 0.13, 0.25 కలిసి 0.38, సరిగ్గా గుడ్డంత! గుండు ఇనుమును అసలు తాకదు. పట్టంతా గుడ్డదే. వెనకనుంచి తోసుకొచ్చే వాయువును ఆపేది అదే, గాడుల మెలికను గుండుకు అందించేది అదే. ఇలాంటి రైఫిళ్ళలో గాడి సుమారు 168 సెంటీమీటర్లకు ఒక చుట్టు తిరుగుతుంది. గుండు సెకనుకు 500 మీటర్ల వేగంతో బయటపడితే సెకనుకు 300 చుట్లు, నిమిషానికి 18 వేలు. మన వంటింటి మిక్సీ మోటారు తిరిగే వేగం దాదాపు అదే.

ఆ తిరుగుడు ఎందుకు? గాడులు లేని పాత మస్కెట్ తుపాకిలో గుండు సందులో అటూ ఇటూ కొట్టుకుంటూ వస్తుంది. చివరిసారి ఏ గోడకు రాసుకుందో దాన్నిబట్టి దానికి ఒక అడ్డదిడ్డమైన తిరుగుడు అంటుకుంటుంది. స్పిన్నర్ వేసిన బంతి గాలిలోనే పక్కకు జరిగినట్టు గుండూ జరుగుతుంది. ఇది మొదట పట్టుకున్నవాడు ఇంగ్లండ్ గణితజ్ఞుడు బెంజమిన్ రాబిన్స్. ఆయన మస్కెట్ గొట్టం చివరను ఎడమవైపుకు వంచి, వరుసగా కట్టిన పల్చటి కాగితం తెరల్లోంచి కాల్చాడు. గుండు మొదట ఎడమకే పోయింది. తర్వాత గాలిలో కుడివైపుకు తిరిగింది! వంపులో కుడి గోడను రాసుకుంటూ దొర్లిన గుండు ఆ దొర్లుడును గాలిలోకి మోసుకుపోయింది మరి. ఇదే సంగతిని జర్మన్ శాస్త్రవేత్త మాగ్నస్ వివరించింది 1852లో. ‘మాగ్నస్ ప్రభావం’ అని పేరు మాత్రం ఆయనకే దక్కింది. రాబిన్స్ ఈస్టిండియా కంపెనీ కోటలు బాగుచేయడానికి మన కోరమాండల్ తీరానికి వచ్చి, 1751లో కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో చనిపోయాడు. ఆ పేరు మన పాఠాల్లో కనిపించదని నాకు నిజంగా బాధ. ఆయన చూసిన వంపును మనమూ చూడవచ్చు. కాగితాన్ని గొట్టంలా చుట్టి, వాలుగా పెట్టిన బల్ల మీద దొర్లిస్తే కిందపడేటప్పుడు ముందుకు పోకుండా బల్ల కిందికే వంగి వస్తుంది. పైసా ఖర్చు లేని ఈ ప్రయోగం ప్రతి హైస్కూల్లో చేయించాలి.

రైఫిల్ చేసేది ఆ అడ్డదిడ్డమైన తిరుగుడు స్థానంలో, ప్రయాణ దిశనే ఇరుసుగా ఉంచి ఒకే రకం తిరుగుడు ఇవ్వడం. సీసంలో చిన్న గాలిబుడగ ఉన్నా, దాని ప్రభావం ఒక పక్కకే పోగుపడకుండా చుట్టూ సర్దుకుపోతుంది.

ఇక మసి దగ్గరికి వద్దాం. తుపాకి మందులో 75 పాళ్ళు సురేకారం, 15 బొగ్గు, 10 గంధకం. అది కాలితే సగం కూడా వాయువు కాదు. బరువులో 55 శాతం దాకా ఘనపదార్థంగానే మిగులుతుంది. మీరు వేసే మందు నాలుగున్నర గ్రాములైతే రెండున్నర గ్రాముల లవణాలన్నమాట. చాలా భాగం తెల్లటి పొగగా పోతుంది. ఒక్క గ్రాము గొట్టంలో అంటుకుందనుకుందాం. మీటరు పొడవు గొట్టానికి సమానంగా పూస్తే అది మిల్లీమీటరులో సుమారు ఎనభయ్యో వంతు పొర. మూడు సార్లకు దాదాపు 0.04. మన సందు ఎంత? 0.13. మూడో వంతు పూడిపోయింది! పైగా ఆ పొర సమానంగా ఉండదు, గుండు కూర్చునే చోట దిబ్బలా పేరుకుంటుంది. నాలుగో గుండు అక్కడ తట్టుకుని, ఒకసారి ఎత్తుగా, ఒకసారి లోతుగా కూర్చుంటుంది. గుడ్డ చిరుగుతుంది, వాయువు పక్కనుంచి జారిపోతుంది, వేగం మారుతుంది. మీ పెన్సిల్వేనియా చలికాలపు పొడిగాలిలో ఆ మసి గట్టిపడుతుంది కూడా. గుంటూరు వానాకాలంలో అయితే తేమ పీల్చుకుని మెత్తబడేది.

1853 ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌దీ ఇదే బాధ. 1857లో సిపాయిల మనసు గాయపరచిన తూటా కొవ్వు అసలు ఈ మసి మీద తూటా జారడానికి పూసిందే. అది చాలక, తర్వాత తూటా వ్యాసాన్నే 14.4 మి.మీ. నుంచి 14కు తగ్గించారు.

కొత్తవాళ్ళు ఎక్కువగా చేసే తప్పు పెట్రోలియం నూనెతో తుడవడం. ఈ మసిలో ఉన్నది పొటాషియం లవణాలు. అంట్లు తోమే కట్టెల బూడిదలో ఉండే క్షారం వీటిలో ఒకటి. నూనెలో కరగదు, తారులా ముద్దవుతుంది. నీళ్ళలో ఇట్టే కరుగుతుంది. పాతకాలం వేటగాళ్ళు గుడ్డను నోట్లో తడిపి వాడింది ఊరికే కాదు.

కాబట్టి ప్రతి గుండు తర్వాత, లోపల నిప్పు కణిక మిగల్లేదని చూసుకుని, తడిగుడ్డ ఒకసారి, పొడిగుడ్డ ఒకసారి తోయండి. దట్టించే కడ్డీ మీద గుర్తు పెట్టుకుని, గుండు ప్రతిసారీ మందును తాకేదాకా దిగిందో లేదో చూడండి. మధ్యలో ఖాళీ మిగిలితే గొట్టమే పగలవచ్చు. గుండుకు పోతపోసినప్పుడు మిగిలిన తొడిమ ఉంటే అది సరిగ్గా పైకే ఉండాలి. మిగతావేవీ ఇప్పుడు మార్చవద్దు.

కాల్చాక మూతికి ముందు కొన్ని గజాల్లో పడిన గుడ్డముక్కలు ఏరండి. వైద్యుడికి నాడి ఎలాగో దీనికి అవి అలాగ. మధ్యలో నల్లటి మచ్చ, అంచులు చెక్కుచెదరకుండా ఉంటే బాగున్నట్టు. మధ్యలో కాలి చిల్లు పడితే గుడ్డ పల్చన, లేదా కొవ్వు చాలలేదు. గీతలుగా కోసుకుపోతే గాడుల అంచులు గానీ, మూతి అంచు గానీ పదునుగా ఉన్నట్టు.

పదో గుండు కూడా టీ కప్పు మూతంత చోట్లో పడితే ఇంట్లోవాళ్ళకు చూపించండి. పడకపోతే ఆ పది గుడ్డముక్కలనూ వరుసలో పేర్చి ఫోటో తీసి నాకు పంపండి.