మీడియం మెక్ అప్‌గ్రేడ్లు, టీమ్ డిఫెన్స్: అపోహలు - వాస్తవాలు

మెక్‌వారియర్ ఆన్‌లైన్ అనే వీడియో గేమ్‌లో మెక్ అంటే మనం లోపల కూర్చుని నడిపే భారీ యుద్ధ రోబో. అందులో మీడియం మెక్‌లు నడిపేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఏ అప్‌గ్రేడ్ ముందు వేయాలని. మీరు లైన్‌లో (జట్టు నిలబడి పోరాడే వరుసలో) ఎవరి పక్కన నిలబడతారని నేను తిరిగి అడుగుతాను. ఇది 12 మంది ఒకవైపు, 12 మంది మరోవైపు ఆడే ఆట. మీ మెక్ ఒక్కటే నిలిచి గెలిచే మ్యాచ్‌లు అరుదు. మిగతా 11 మందితో మీరు ఏం పంచుకోబోతున్నారో తెలిస్తేనే ఏ అప్‌గ్రేడ్ పనికొస్తుందో తెలుస్తుంది.

అపోహ: మీడియం అంటే అసాల్ట్ కొనేదాకా సర్దుకునే మెక్.

20 నుంచి 35 టన్నుల దాకా లైట్, 40 నుంచి 55 మీడియం, 60 నుంచి 75 హెవీ, 80 నుంచి 100 అసాల్ట్. ఇది ప్రమోషన్ల వరుస కాదు. ఒక్కో తరగతికీ ఒక్కో పని ఉంది. ఏళ్ల తరబడి ఆడుతున్నవాళ్లు కూడా ఇష్టపడి మీడియం తీసుకుంటారు. లైన్‌లో ఎక్కడైనా ఖాళీ పడితే సమయానికి అక్కడికి చేరి, చేరాక కొన్ని దెబ్బలు తట్టుకోగలిగేది అదే కాబట్టి.

అపోహ: అప్‌గ్రేడ్లన్నీ వేసేస్తే మెక్ బలపడుతుంది.

మెక్‌ను మార్చుకునే చోటైన మెక్‌ల్యాబ్‌లో ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే. ప్రతి అప్‌గ్రేడ్ ఒకటి ఇచ్చి ఇంకొకటి తీసుకుంటుంది. సాధారణంగా ఇచ్చేది బరువులో వెసులుబాటు, తీసుకునేది స్లాట్లు, అంటే మెక్‌లో సామాన్లు అమర్చుకునే గళ్లు.

ఆటలో మెక్‌లు రెండు వర్గాలవి: ఇన్నర్ స్ఫియర్, క్లాన్. 50 టన్నుల ఇన్నర్ స్ఫియర్ మెక్‌నే చూడండి. లోపలి అస్థిపంజరం మామూలుగా మెక్ బరువులో పదో వంతు, అంటే 5 టన్నులు. ఎండో స్టీల్ (తేలికైన అస్థిపంజరం) వేస్తే అది సగమై 2.5 టన్నులు మిగులుతాయి, 14 స్లాట్లు పోతాయి. ఫెర్రో ఫైబ్రస్ అనే తేలికైన ఆర్మర్‌కూ (కవచానికీ) అవే 14 స్లాట్లు పోతాయి. కానీ ఈ సైజు మెక్‌కు ఆర్మర్ నిండుగా పెట్టినా మిగిలేది టన్ను పైచిలుకే. అందుకే ముందు ఎండో చూడండి. అది వేశాక ఇంకా స్లాట్లు ఖాళీగా ఉండి, బరువు మాత్రమే అడ్డొస్తుంటే అప్పుడు ఫెర్రో. ఆయుధాలు పెద్దవైన బిల్డ్‌లో (మెక్‌ను అమర్చుకున్న తీరులో) రెండూ కలిపి పట్టించడం చాలాసార్లు కుదరదు. క్లాన్ మెక్‌లకు ఎండో, ఫెర్రో ఒక్కోటీ 7 స్లాట్లే తీసుకుంటాయి. అందుకని క్లాన్ బిల్డ్ చూసి ఇన్నర్ స్ఫియర్ మెక్‌కు కాపీ కొట్టవద్దు.

మెక్ వేడిని తగ్గించే హీట్ సింక్‌లలో మెరుగైన రకం, డబుల్ హీట్ సింక్స్ విషయంలో నాకు సందేహం లేదు. మీడియం మెక్‌కు దాదాపు ఎప్పుడూ అవే సరి. అయితే ఇన్నర్ స్ఫియర్‌లో ఇంజిన్ బయట పెట్టే ఒక్కో సింక్‌కు 3 స్లాట్లు కావాలి. ప్రతి మెక్‌కూ కనీసం 10 సింక్‌లు తప్పనిసరి. ఇంజిన్ రేటింగ్ 250 దాటకపోతే ఆ పదీ లోపల పట్టవు అనుకుంటారు కొందరు. 250కే సరిగ్గా పది పడతాయి, 245కు పట్టవు. ఆ ఒక్కటి బయట పెట్టాల్సి వచ్చి 3 స్లాట్లు పోతాయి.

డబ్బు తక్కువున్నవాళ్లకు ఒక మాట. ఇంజిన్‌ను ఒక మెక్ నుంచి తీసి ఇంకో మెక్‌లో పెట్టుకోవచ్చు. ఎండో, ఫెర్రో లాంటి మార్పులు ఆ మెక్‌తోనే ఉండిపోతాయి. కాబట్టి ఎక్కువ మెక్‌లకు పనికొచ్చే రేటింగ్ ఉన్న మంచి ఇంజిన్ ఒకటి ముందు కొనండి.

అపోహ: ఎక్స్‌ఎల్ ఇంజిన్ లేనిదే మీడియం నడవదు.

ఎక్స్‌ఎల్ బరువు మామూలు ఇంజిన్‌లో సగం. నిజంగా గొప్ప ఆదా. కానీ ఇన్నర్ స్ఫియర్ ఎక్స్‌ఎల్ రెండు పక్క టోర్సోల్లోకీ (మొండెం పక్క భాగాల్లోకీ) మూడేసి స్లాట్లు చొచ్చుకుని ఉంటుంది. ఒక పక్క టోర్సో పోతే మెక్ అక్కడికక్కడే చచ్చిపోతుంది. క్లాన్ ఎక్స్‌ఎల్ అలా కాదు, ఒక పక్క పోయినా బతుకుతుంది. లైట్ ఇంజిన్ మధ్యస్తం. బరువులో నాలుగో వంతు తగ్గుతుంది, ఒక పక్క పోయినా నడుస్తుంది.

హంచ్‌బ్యాక్ 4జీ అనే మీడియం మెక్‌ను చూస్తే విషయం స్పష్టమవుతుంది. కుడి భుజం మీద పెద్ద మూపురంలో ఏసీ/20 అనే భారీ తుపాకీ ఉంటుంది. 14 టన్నులు, 10 స్లాట్లు. టోర్సోలో ఉండేవి 12 స్లాట్లు. ఎక్స్‌ఎల్‌కు మూడు పోతే ఆ తుపాకీ అసలు పట్టదు. ఏసీ/20 లేని హంచ్‌బ్యాక్‌లకు ఎక్స్‌ఎల్ పడుతుంది కానీ, ప్రత్యర్థులందరూ ముందు కొట్టేది ఆ మూపురాన్నే. లైన్ కాపాడాల్సిన మెక్‌లో అలాంటి ఇంజిన్ పెట్టడం నాకు నచ్చదు.

సెంచూరియన్ సీఎన్9-ఏ అనే మరో మీడియం మెక్ దీనికి మంచి జోడీ. మధ్య టోర్సోలో లేజర్లు పెట్టుకోవచ్చు. ఆయుధం లేని ఎడమ చేతిని డాలులా అడ్డం పెట్టొచ్చు. మామూలు ఇంజిన్ వేస్తే రెండు పక్కలూ, రెండు చేతులూ పోయాక కూడా నిలబడి కాలుస్తుంది. ఆటగాళ్లు దీన్నే జాంబీ బిల్డ్ అంటారు. ప్రత్యర్థి దాని మీద వృథా చేసే ప్రతి షాట్ పక్కనున్న మీ అసాల్ట్‌కు తగలని షాట్.

అలాగని పక్కల నుంచి దాడి చేసి పారిపోయే బిల్డ్‌లకు ఎక్స్‌ఎల్ తప్పు కాదు. మీరు నిలబడే చోటును బట్టి ఉంటుంది.

అపోహ: వెనుక కూడా ముందున్నంత ఆర్మర్ కావాలి.

అక్కర్లేదు. మీరు జట్టుతో ఉంటే వెనుక కొంచెం చాలు, మిగతాది ముందుకు మార్చండి. దానికన్నా ముఖ్యం, కాల్చిన వెంటనే టోర్సో పక్కకు తిప్పి దెబ్బను చేతులకూ పక్కలకూ పంచడం. ఆర్మర్ ఎంత ఉన్నా అంతా ఒకేచోట తగిలితే ఆగదు.

అపోహ: డిఫెన్స్ అంటే బేస్ దగ్గర కూర్చోవడం.

అన్నిటికంటే ఎక్కువ మ్యాచ్‌లు పోయేది ఈ అపోహ వల్లే. ఈ ఆటలో కాపాడుకోవాల్సింది ముందు మీ టీమ్‌లో నెమ్మదిగా నడిచేవాళ్లను.

వేగం లెక్క సులువు. ఇంజిన్ రేటింగ్‌ను టన్నులతో భాగించి 16.2తో హెచ్చించండి. 300 ఇంజిన్ ఉన్న 100 టన్నుల అట్లాస్ గంటకు 48.6 కిలోమీటర్లు వెళ్తుంది. 250 ఇంజిన్ ఉన్న 50 టన్నుల మీడియం 81 వెళ్తుంది. ఇప్పుడు టీమ్ మొత్తం మ్యాప్ మధ్యలోని అడ్డును ఎడమవైపు ఉంచుకుని గుండ్రంగా తిరగడం మొదలుపెట్టిందనుకోండి. ఆటగాళ్లు దీన్ని నాస్కార్ అంటారు. చాలా మెక్‌లకు పెద్ద ఆయుధం కుడివైపే ఉండటం దీనికి ఒక కారణం. అందరూ కుడి నుంచే తొంగిచూస్తూ కుడికే జరుగుతారు. అసాల్ట్‌లు వెనుకబడతాయి. అవతలి టీమ్ అదే దిశలో తిరుగుతూ వచ్చి ముందు వాటినే పట్టుకుంటుంది. మీ టీమ్ ఆర్మర్‌లో పెద్ద వాటా ఒక్కరికీ ఉపయోగపడకుండా పోతుంది.

దీన్ని ఆపగలిగేది మీడియం లాన్స్ (నలుగురి దళం). నలుగురిలో ఇద్దరు అసాల్ట్ పక్కన ఆగినా చాలు. ఆగడం అంటే దాని వెనుక అంటుకుని నిలబడటం కాదు. అసాల్ట్ కాల్చి వెనక్కి తగ్గాలనుకున్నప్పుడు మీరు అడ్డుంటే అది బయటే ఇరుక్కుని చస్తుంది. దాని తుపాకుల ముందుకూ వెళ్లవద్దు, ఈ ఆటలో మనవాళ్ల గుళ్లు కూడా మనకు తగులుతాయి. పక్కన కొంత ఎడం ఇచ్చి, అది తొంగిచూసిన క్షణంలోనే మీరూ తొంగిచూడండి. అవతలివాళ్ల కాల్పులు రెండుగా చీలతాయి. మీ ఆర్మర్ ఎర్రబడితే వెనక్కి తగ్గండి, తాజాగా ఉన్నవాళ్లు ముందుకు రావాలి.

లైట్ మెక్‌లు అసాల్ట్ వీపు మీదికి వస్తాయి. వాటిని తరమడం మీ పని, కానీ మ్యాప్ చివరిదాకా వెంటబడవద్దు. ఒక లోకస్ట్ (చిన్న లైట్ మెక్) వెంట నాలుగు మెక్‌లు పరిగెడితే ఆ లోకస్ట్ తన పని పూర్తి చేసినట్టే. తరిమి, తిరిగి లైన్‌లోకి రండి.

పాయింట్లు ఆక్రమించే కాంక్వెస్ట్ మోడ్‌లో మాత్రం మీడియంలకు అదనపు బాధ్యత ఉంటుంది. ఐదు పాయింట్లలో దూరంగా ఉన్నవాటిని ఆక్రమించేది లైట్‌లూ మనమే. అక్కడ ఒంటరిగా కాకుండా జతగా వెళ్లండి.

అపోహ: ఏఎంఎస్ (మిసైళ్లను కూల్చేది), ఈసీఎం (శత్రువు సెన్సర్లను అడ్డేది) బరువు దండగ.

ఏఎంఎస్ బరువు అర టన్ను, దాని గుళ్లకు ఇంకొంత. అది మీ మీదికి వచ్చే మిసైళ్లనే కాదు, దాని పరిధిలోంచి పక్కవాళ్ల మీదికి వెళ్లేవాటిని కూడా కాలుస్తుంది. రెండు మూడు మీడియంలు ఏఎంఎస్‌తో దగ్గరగా నిలబడితే ఎల్‌ఆర్‌ఎం (దూరం నుంచి వేసే మిసైళ్ల) వాన గణనీయంగా పలచబడుతుంది. ఒక్కటే ఉంటే అంత తేడా తెలియదు, అందుకే చాలామంది దాన్ని తీసేస్తారు. ఈసీఎం కొన్ని వేరియంట్లకే పెట్టుకునే వీలుంది. ఆ వేరియంట్ మీ దగ్గరుంటే నేనైతే ఖాళీగా వదలను. అది మిమ్మల్నే కాదు, దగ్గరున్న మనవాళ్లను కూడా శత్రువు లాక్‌కు (మిసైల్ గురికి) సులువుగా దొరకనివ్వదు.

మెక్ సామర్థ్యాలు పెంచుకునే స్కిల్ ట్రీలో ఉండే 91 పాయింట్లలో కొన్నిటిని రేడార్ డెప్రివేషన్‌కు కేటాయించండి. మీరు అడ్డు వెనక్కి వెళ్లాక శత్రువుకు మీ లాక్ ఎంతసేపు నిలుస్తుందో దాన్ని అది తగ్గిస్తుంది.

అపోహ: డ్యామేజ్ ఎక్కువ చేసినవాడే బాగా ఆడినట్టు.

ఆరుగురి మీద చిలకరించిన డ్యామేజ్ స్కోర్‌బోర్డు మీద పెద్దగా కనిపిస్తుంది. ఆ ఆరుగురూ ఇంకా కాలుస్తూనే ఉంటారు. నలుగురు కలిసి ఒకే మెక్ ఒకే టోర్సో మీద కొడితే స్కోరు తక్కువైనా ఒక తుపాకీ శాశ్వతంగా ఆగిపోతుంది. దీనికి మైక్ కూడా అక్కర్లేదు. శత్రువు కనిపించగానే ఆర్ కీ నొక్కి టార్గెట్ చేయండి. ఆ సమాచారం టీమ్ మొత్తానికి చేరుతుంది, టార్గెట్ మీద ఒక అక్షరం కనిపిస్తుంది. చాట్‌లో ఆ అక్షరం, ఏ భాగంలో ఆర్మర్ పోయిందో రెండు మాటలు టైప్ చేస్తే, వినాలనుకున్నవాళ్లు అటే తిప్పుతారు.