రెండు బిల్డింగులకు ఒకే ఇంటర్‌కామ్: అపోహలు - వాస్తవాలు

పాత ఆఫీసు పక్కన కొత్త బిల్డింగు లేచిందంటే ఓనరు మొదట అడిగేది ఇదే: "ఈడ మూడు నంబర్లు నొక్కితే ఆడ ఫోను మోగాల." ఆ పని సులువే. కానీ కర్నూలు, అనంతపురం, కడప వైపు దీని మీద చెప్పుకునే మాటల్లో చాలా వరకు తప్పులు.

అపోహ: వంద మీటర్లు దాటితే రాగి వైరు పనికిరాదు.

ఆ లెక్క కంప్యూటర్ నెట్‌వర్కుది, మామూలు ఫోనుది కాదు. 0.5 మి.మీ. జెల్లీ కేబుల్‌లో (తడి చేరకుండా లోపల జెల్లీ నింపిన ఫోను కేబుల్) జత తీగల నిరోధం కిలోమీటరుకు సుమారు 175 ఓంలు. అంటే 300 మీటర్లకు 50 ఓంల పైచిలుకు. ఈపీఏబీఎక్స్‌లో (ఆఫీసు లోపలి ఫోన్లను కలిపే పెట్టె) ఒక్కో ఫోనుకు లైను ఇచ్చే ఎక్స్‌టెన్షన్ కార్డులు కొన్ని వందల ఓంలు తట్టుకుంటాయి. అవతల పది ఫోన్లే ఉంటే రెండో ఈపీఏబీఎక్స్ కొనడం దండగ. 20 జతల కేబుల్ వేసి సగం స్పేరుగా వదిలేయండి. మన రాతినేలలో మళ్లీ కాలువ తవ్వించడం కంటే అదే చవక.

అపోహ: పిడుగు బిల్డింగు మీద పడితేనే కార్డులు కాలతాయి.

ఎక్కువ కార్డులు పోయేది ఈ నమ్మకం వల్లే. రెండు బిల్డింగులకు ఎర్తులు వేరు. పిడుగు దగ్గర్లో ఎక్కడ పడినా ఆ క్షణంలో రెండు ఎర్తుల మధ్య వేల వోల్టుల తేడా రావచ్చు. ఆ కరెంటుకు మీరు లాగిన రాగి తీగే దారవుతుంది. అనంతపురం ఎర్రనేలలో ఎండాకాలం ఎర్త్ గుంతలు ఎండి నిరోధం పెరుగుతుంది. ముంగారు ఉరుములు మొదలయ్యేదీ అప్పుడే. గుంతలో నీళ్లు పోయడం వాచ్‌మన్ పనుల్లో చేర్చండి.

రాగే వేస్తే రెండు చివర్లా క్రోన్ మాడ్యూళ్లకు (తీగలు కలిపే పట్టీలు) గ్యాస్ అరెస్టర్లు (ఎక్కువ వోల్టేజీని ఎర్త్‌లోకి మళ్లించేవి) ఉండాలి. అవి 230 వోల్టులవి కావాలి. 90 వోల్టులవి పెడితే రింగు వోల్టేజీకే షార్టవుతాయి. లైను మీద 48 వోల్టుల డీసీ ఉంటుంది, దాని మీద 75 వోల్టుల ఏసీ రింగు వస్తుంది. శిఖరంలో 150 దాటుతుంది. అరెస్టర్లు పెట్టి ఎర్త్ తీగ కలపని బాక్సులు చాలా చోట్ల కనిపిస్తాయి. అవి అలంకారానికే. ఎర్త్ తీగ మందంగా, పొట్టిగా, చుట్టలు లేకుండా ఉండాలి.

ఈ బాధే వద్దంటే లోహం లేని సింగిల్ మోడ్ ఫైబర్ (గాజు పోగులో వెలుతురుతో సిగ్నల్ పంపే కేబుల్) వేయండి. స్టీలు కవచమున్న ఫైబర్ కొని, ఆ స్టీలును ర్యాక్ దాకా లాక్కొస్తే పిడుగును మళ్లీ లోపలికి పిలిచినట్టే.

అపోహ: ఈ పెట్టె ఎక్స్‌టెన్షన్‌ను ఆ పెట్టె ట్రంకు పోర్టులో (బయటి లైను పెట్టే చోటు) గుచ్చితే చాలు.

మోగుతుంది, మాట్లాడొచ్చు కూడా. కానీ ఒక జత మీద ఒకసారికి ఒక్క కాలే. ఇటు నుంచి ఒక జత, అటు నుంచి ఒక జత వేరుగా కావాలి. ఎవరు చేస్తున్నారో నంబరు చాలాసార్లు కనిపించదు. అసలు తలనొప్పి, ఫోను పెట్టేశాక లైను వదలకపోవడం. ట్రంకు పోర్టు బిజీ టోను విని లైను కోస్తుంది. మన దేశంలో ఆ టోను 400 హెర్ట్జ్, 0.75 సెకన్లు మోగి 0.75 సెకన్లు ఆగుతుంది. పెట్టెలో అమెరికా సెట్టింగు ఉంటే దాన్ని గుర్తుపట్టదు, లైను గంటల తరబడి బిజీలోనే ఉంటుంది. దేశం సెట్టింగు మార్చండి. ఎక్స్‌టెన్షన్ వైపు పెట్టెకు పొలారిటీ రివర్సల్ (ఫోను పెట్టేయగానే లైను ప్లస్, మైనస్ తారుమారు చేయడం) ఇచ్చే సౌకర్యం ఉంటే దాన్ని వాడటం ఇంకా నయం.

అపోహ: ఐపీ ఫోన్లకు (కంప్యూటర్ నెట్‌వర్కు మీద నడిచే ఫోన్లు) ఇంటర్నెట్ ఉండాలి.

రెండు బిల్డింగుల మధ్య అక్కర్లేదు, లోపలి నెట్‌వర్కు చాలు. జీ.711లో (మాటను డిజిటల్‌గా మార్చే పద్ధతి) ఒక కాల్‌కు ఒక్కో దిశకు సుమారు 90 కేబీపీఎస్ పడుతుంది. ఏ లింకుకైనా అది లెక్కలోది కాదు. ఇటు 200 సిరీస్, అటు 300 సిరీస్ అని నంబర్లు ముందే పంచుకోండి. రెండు వైపులా 201 ఉంటే తర్వాత ఏదో ఒకటి మార్చక తప్పదు. ఒకే ఫైబర్ పోగు మీద నడిచే మీడియా కన్వర్టర్లు (రాగి తీగ సిగ్నల్‌ను ఫైబర్‌కు మార్చే డబ్బాలు) ఏ, బీ జతగా వస్తాయి. రెండూ ఏ తెస్తే లింకు లైటు వెలగదు.

అపోహ: రోడ్డు అడ్డముంటే ఇక కుదరదు.

కేబుల్ దాటించాలంటే మున్సిపాలిటీ అనుమతి కావాలి. లేదంటే మేడల మీద 5 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్ బ్రిడ్జి. అనుమతించిన పవర్ లోపల దానికి లైసెన్సు అక్కర్లేదు. ఎదురెదురుగా కనబడాలి, వేపచెట్టు కొమ్మ కూడా అడ్డు రాకూడదు.

ఏ పద్ధతైనా రెండు వైపులా యూపీఎస్ ఉండాలి. రెండో బిల్డింగులో ఒక్క బయటి లైను నేరుగా ఒక ఫోనుకు ఇచ్చేయండి. లేకపోతే లింకు పడిపోయిన రోజు ఆ ఫోన్ల నుంచి 112కు కాల్ వెళ్లదు.