బంగారు కప్ప ఎవరికిస్తారు?

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు తాతయ్య ఆశీస్సులు.

సినిమా చూసి వచ్చిన ప్రతిసారీ మీరు హీరో పేరు, పాటల ముచ్చట, మహా అయితే దర్శకుడి పేరు చెబుతారు తప్ప, ఆ దృశ్యాలను తెరకెక్కించిన ఛాయాగ్రాహకుడి పేరు, అంటే మన వాడుకలో కెమెరామన్ పేరు, మీ నోట నేను ఎన్నడూ వినలేదు. పెద్దవాళ్లలోనూ చాలామంది అంతే. అయితే ఏటా నవంబరులో పోలండ్‌లోని తోరున్ నగరంలో జరిగే ఒక చలనచిత్రోత్సవంలో ఈ వరస తలకిందులవుతుంది. అక్కడ ముందుగా అడిగేది ఛాయాగ్రాహకుడి పేరే.

ఆ ఉత్సవం పేరు కెమెరిమేజ్. మారెక్ జిదోవిచ్ 1993లో దీనిని తోరున్‌లోనే ప్రారంభించారు. తరువాత అది వూచ్ నగరానికి, అక్కడి నుంచి బిద్గోష్చ్‌కు మారి, 2019లో మళ్లీ పుట్టినచోటికి చేరింది. ప్రధాన పోటీలో గెలిచిన చిత్రానికి ఇచ్చే బహుమతి బంగారు కప్ప. దాని తరువాత వెండి కప్ప, కంచు కప్ప. నవ్వకండి, ఆ ఊరికి కప్పలు కొత్త కాదు. ఒకప్పుడు కప్పలు ఊరిని ముంచెత్తితే, తెప్పలు నడిపే యువకుడొకడు ఫిడేలు వాయిస్తూ వాటన్నిటినీ ఊరి బయటికి తీసుకుపోయాడని అక్కడొక కథ ఉంది. పాత బజారు కూడలిలో అతని విగ్రహం, చుట్టూ కప్పల బొమ్మలు నేటికీ ఉన్నాయి. ఖగోళ శాస్త్రజ్ఞుడు కోపర్నికస్ పుట్టింది కూడా తోరున్‌లోనే, కానీ మీ ఈడు వారికి కప్పల కథే ఎక్కువ నచ్చుతుందని నాకు తెలుసు.

కెమెరా నడపడమే ఛాయాగ్రాహకుడి పని అనుకుంటే పొరపాటు. వెలుతురు ఎటు నుంచి రావాలి, ఎంత రావాలి, ఎక్కడ ఆగిపోవాలి అన్నది నిర్ణయించడమే అతని అసలు పని. ఉత్సవం మొదలైన ఏడాదే జీవన సాఫల్య పురస్కారం అందుకున్న స్వీడన్ ఛాయాగ్రాహకుడు స్వెన్ నిక్విస్ట్, ఒక చిత్రానికి ముందు దర్శకుడు బెర్గ్‌మన్‌తో కలిసి చర్చిలో గంటల తరబడి కూర్చుని, చలికాలపు వెలుతురు గోడల మీద ఎలా మారుతుందో గమనించారు. కెమెరా తీయకముందే సగం పని అక్కడ జరిగిపోయింది.

ఈ విషయంలో మన దేశం ఎవరికీ తీసిపోలేదు. కలకత్తాకు చెందిన సుబ్రత మిత్ర సినిమా కెమెరాను అంతకు ముందు ఎన్నడూ నడపకుండానే, ఇరవయ్యేళ్లు దాటీ దాటని వయసులో సత్యజిత్ రాయ్ మొదటి చిత్రానికి ఛాయాగ్రాహకుడయ్యారు. 1956లో వచ్చిన ‘అపరాజితో’ కోసం కాశీలోని పాతకాలపు ఇంటి లోగిలిని స్టూడియోలో కట్టవలసి వచ్చింది. అలాంటి ఇంట్లో ఆకాశం నుంచి మెత్తని వెలుతురు లోగిలి అంతటా సమంగా దిగుతుంది. స్టూడియో దీపాలను నేరుగా వేస్తే ఒక్కొక్క మనిషికి రెండు మూడు నీడలు పడి గుట్టు బయటపడుతుంది. మిత్ర ఆ సెట్టు పైన ఆకాశం ఉండవలసిన చోట తెల్లని గుడ్డ పరిపించి, దీపాలను మనుషుల వైపు కాక ఆ గుడ్డ వైపు తిప్పించారు. గుడ్డకు తగిలి కిందికి వచ్చిన వెలుతురులో పదునైన నీడలు లేవు, మిట్టమధ్యాహ్నం పెళ్లిలో తెల్ల షామియానా కింద కూర్చున్నవారి ముఖాల మీద లేనట్టే. చూసినవారు అది నిజంగా కాశీలోని ఇల్లే అనుకున్నారు. ఖరీదైన యంత్రమేదీ లేకుండా గుడ్డతో సాధించిన ఈ పని, నా దృష్టిలో, కప్పలన్నిటికంటే విలువైనది.

2008లో బంగారు కప్ప మన ముంబయి వీధుల్లో తీసిన ‘స్లమ్‌డాగ్ మిలియనీర్’కు దక్కింది. ఛాయాగ్రాహకుడు ఆంథొనీ డాడ్ మాంటిల్. ఇరుకు సందుల్లో పెద్ద కెమెరా పెడితే జనం మూగుతారు, పిల్లల వెనుక పరుగెత్తడమూ కుదరదు. అందుకని చిత్రంలో చాలా భాగానికి ఆయన చేతిలో ఇమిడే చిన్న డిజిటల్ కెమెరాను వాడి, దృశ్యాలను నమోదు చేసే పరికరాన్ని వీపు సంచిలో పెట్టించారు. బొమ్మ అక్కడక్కడ ఊగుతుంది, నిజమే. ఆ పరుగుకు ఆ ఊపు ఉండవలసిందే. మరుసటి ఏడాది ఆయనకు ఆస్కారు కూడా వచ్చింది.

మనవరాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. 2024లో మహిళా ఛాయాగ్రాహకుల గురించి ఉత్సవ నిర్వాహకుడు రాసిన మాటలు చాలామందిని నొప్పించాయి. ప్రారంభ చిత్ర దర్శకుడు స్టీవ్ మెక్‌క్వీన్ ఆ కారణంగా ఉత్సవానికే రానన్నారు. ఛాయాగ్రహణ విభాగంలో ఆస్కారు ప్రతిపాదన ఒక మహిళకు, రేచెల్ మారిసన్‌కు, మొదటిసారి దక్కింది 2018లో అంటే ఈ రంగం తలుపులు ఎంత ఆలస్యంగా తెరుచుకున్నాయో మీకే అర్థమవుతుంది. మీలో ఎవరికైనా కెమెరా పట్టాలని ఉంటే ఆ మాటలను లెక్కచేయవద్దు.

ఆ ఉత్సవంలో సినిమా బడుల విద్యార్థులకు కూడా ఒక పోటీ ఉంది. వారు తీసిన చిన్న చిత్రాలకు ఇచ్చే బహుమతి బంగారు తోకకప్ప! అక్కడి ప్రదర్శనలు మీరు ఇంటి నుంచి చూడలేరు గానీ, మన ‘మాయాబజార్’ ఇంట్లోనే ఉంది కదా. 1957లో వచ్చిన ఆ చిత్రానికి ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లే. పడవ పాట వచ్చినప్పుడు ముఖాల మీద వెన్నెల ఏ వైపు నుంచి పడుతోందో, నీళ్ల మీద మెరుపు కూడా అదే వైపు ఉందో లేదో ఒక్కొక్క దృశ్యం దగ్గర ఆపి చూసి, మీకు ఏం కనిపించిందో నాకు రాయండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య